మేనత్త ఇల్లు ఖాళీ చేసే ముందు

మీ మేనత్తగారు పోయి ఐదు నెలలైందని, ఆవిడకు పిల్లలు లేరని, మామయ్యగారు అంతకు ముందే కాలం చేశారని రాశారు. ఆవిడ పోయింది ధనిష్ఠా పంచక నక్షత్రాల్లో కాబట్టి ఇల్లు కొన్ని నెలలు మూసి ఉంచాలని పురోహితులు చెప్పడంతో తెనాలిలోని పాత డాబా ఇంటికి తాళం వేశారని, ఆ గడువు తీరింది కాబట్టి దసరాలోపు ఖాళీ చేసి అద్దెకు ఇవ్వాలనుకుంటున్నారని, అమెరికాలో ఉన్న మీ చెల్లెలు రెండు వారాల సెలవు మీద వస్తున్నారని కూడా చెప్పారు. సామాను ఎవరికి అమ్మాలి, ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను బ్యాంకులో చాలా ఏళ్లు చనిపోయినవారి డిపాజిట్ల క్లెయిములు, లాకర్ల వ్యవహారాలు చూసినవాణ్ని. పదవీ విరమణ తర్వాత బంధువుల ఇళ్లలో ఇటువంటి పని పడితే పక్కన ఉండి చేయించడం అలవాటైంది. ఇంట్లో ఏముందో వెతకడం, ఉన్నదాన్ని పంచుకోవడం, మిగిలినదాన్ని వదిలించుకోవడం అనేవి మూడు వేర్వేరు పనులు. సెలవు తక్కువగా ఉందని మూడింటినీ ఒకే వారంలో కలిపి చేసిన ఇళ్లలో విలువైన కాగితాలు పాత పేపర్లతో కలిసి పోవడం, అన్నదమ్ముల మధ్య మాటలు పోవడం చాలాసార్లు చూశాను.

మీరు అడగని ప్రశ్న ఒకటి వీటన్నిటికంటే ముందుంది. ఆ సామాను మీద హక్కు ఎవరిది? అత్తయ్యను చివరి వరకు చూసుకున్నది మీరే కాబట్టి ఇల్లు మీదేనని మీరు అనుకోవడం సహజం. చట్టం మాత్రం అలా చూడదు. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం 1956లోని 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు గాని భర్త గాని లేని స్త్రీ స్వార్జితం మొదట భర్త వారసులకు చెందుతుంది. వారెవరూ లేకపోతేనే పుట్టింటివారి వంతు వస్తుంది. తల్లిదండ్రుల నుంచి ఆవిడకు వారసత్వంగా సంక్రమించిన ఆస్తి మాత్రం ఆవిడ తండ్రి వారసులకు, అంటే మీ వైపుకు తిరిగి వస్తుంది. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. పసుపు కుంకుమల కింద గిఫ్టు డీడు రాసి ఇచ్చిన పొలం వారసత్వంగా వచ్చినదాని కిందికి రాదు, కాబట్టి దస్తావేజులో ఏమని రాశారో లాయరుకు చూపించకుండా ఒక నిర్ణయానికి రాకండి. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, పెళ్లయిన కొద్ది నెలలకే భర్త చనిపోగా, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన స్త్రీ సొంత సంపాదన కూడా చివరికి ఆ అత్తింటివారికే వెళ్లింది. న్యాయంగా అనిపించకపోవచ్చు, నాకూ అనిపించదు, కానీ మీ మామయ్యగారి తమ్ముడి కొడుకులు రేపు ఈ సెక్షనే పట్టుకుని వస్తే, మీరు అమ్మేసిన ప్రతి ఇత్తడి బిందెకూ లెక్క చెప్పవలసి వస్తుంది.

అందువల్ల మొదట వెతకవలసింది వీలునామా. అది రిజిస్టరు కాకపోయినా, తెల్లకాగితం మీద రాసినదైనా, ఆవిడ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు సరిగా ఉంటే చెల్లుతుంది. రిజిస్టరు చేయించి ఉంటారని అనుమానముంటే, మరణ ధ్రువీకరణ పత్రం చూపించి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు చేయవచ్చు. రాసినవారు బతికి ఉన్నంతకాలం ఆ నకలు ఇతరులకు ఇవ్వరు, పోయిన తర్వాత ఇస్తారు. బ్యాంకు కాగితాల్లో మీ పేరు నామినీగా కనిపించినంత మాత్రాన ఆ డబ్బు మీదైపోయిందని కూడా అనుకోకండి. నామినీ అంటే డబ్బు అందుకుని అసలు వారసులకు అప్పగించవలసినవాడేనని సుప్రీంకోర్టు 1983లోనే ఎల్‌ఐసీ పాలసీ విషయంలో చెప్పింది, 2023లో షేర్ల విషయంలోనూ అదే చెప్పింది.

వీలునామా దొరికినా దొరకకపోయినా, తాళం తీసే రోజున మామయ్యగారి వైపు నుంచి ఒకరిని పిలవండి. గది గదికీ, బీరువా బీరువాకీ ఫోనులో వీడియో తీసి, రెండు వైపులవారూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అదే రోజు పెట్టండి. ఈ ఒక్క పనితో తర్వాత రాబోయే అనుమానాలు సగం తగ్గుతాయి.

ఐదు నెలలు మూసి ఉన్న ఇంట్లోకి వెళ్లేటప్పుడు చీకటిపడ్డాక వెళ్లవద్దు. తలుపులు, కిటికీలు తీసి గాలి ఆడనిచ్చి, మూలల్లోను, అటక మీద, పొయ్యి గట్టు కింద కర్రతో కదిపి చూసి, ఆ తర్వాతే చేతులు పెట్టండి. గ్యాసు వాసన రావడం లేదని నిర్ధారించుకునేదాకా స్విచ్చులు ముట్టుకోకూడదు. ఫ్రిజ్ సంగతి చెప్పనక్కరలేదు. పంచకాల నమ్మకం మీద నాకు వాదన లేదు. ఇంకా తాళం వేయని ఇల్లు ఎవరిదైనా ఉంటే మాత్రం, తాళం వేయకముందే కాగితాలు, బంగారం, మందులు బయటకు తీసి, సిలిండరు వాల్వు కట్టేసి, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు ఓరగా ఉంచి వెళ్లమని చెబుతాను. వీధి మలుపులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీని బంధువులతోపాటు దొంగలు కూడా చదువుతారు.

ఇక వెతకడం. ఒంటరిగా బతికిన మన పెద్దవాళ్లు డబ్బును, కాగితాలను దాచే చోట్లు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. బియ్యం డబ్బా అడుగున, కందిపప్పు డబ్బాలో, చీరల మడతల్లో, పరుపు కింద, బొంత కుట్ల మధ్య, దేవుడి పటాల వెనక, పాత పంచాంగాల్లో, కుట్టుమిషను సొరుగులో చూడాలి. బీరువా అరల్లో పరిచిన న్యూస్‌పేపరును తప్పకుండా ఎత్తి చూడండి. ఆ కాగితం కిందే చిన్న గుడ్డ మూటలో లాకరు తాళం, దానితోపాటు బంగారం తాకట్టు పెట్టిన రసీదు ఉండటం నేను ఒకటికి రెండు ఇళ్లలో చూశాను. తాళం దొరికి బ్యాంకు ఏదో తెలియకపోతే పాస్‌బుక్కుల్లో ఏడాదికొకసారి లాకరు అద్దె కింద పడిన ఖర్చు ఎక్కడుందో చూస్తే సరిపోతుంది. ఒక్క పుస్తకాన్ని కూడా దులపకుండా, ఒక్క జాకెట్టును కూడా మడత విప్పకుండా బయటకు పంపవద్దు.

దొరికిన కాగితాలను అక్కడికక్కడ చదువుతూ కూర్చోకండి. అన్నిటినీ ఒక ట్రంకు పెట్టెలో వేసి, తర్వాత బల్ల దగ్గర తీరిగ్గా విడదీయాలి. పొలం, ఇంటి దస్తావేజులతోపాటు వాటి లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి అంతకు ముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు, ఎంత చిరిగినవైనా ఉంచాలి. కాగితం రూపంలోని షేరు సర్టిఫికెట్లు కనిపిస్తే పాతవి కదా అని పారేయకండి. 2019 ఏప్రిల్ నుంచి వాటిని కాగితం రూపంలో అమ్మి బదిలీ చేయడం కుదరదు గాని, వారసుల పేరిట మార్పించుకోవడానికి అడ్డు లేదు. వరుసగా ఏడేళ్లు డివిడెండ్లు తీసుకోని షేర్లు కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్లిపోయి ఉంటాయి, అక్కడి నుంచి కూడా దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు. పదేళ్లు ఎవరూ ముట్టని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి మళ్లుతాయి, వాటి జాడ వెతకడానికి 2023 నుంచి ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది.

మీ అత్తయ్య రిటైరైన టీచరు అన్నారు కాబట్టి, చేబదుళ్లు ఇచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ప్రామిసరీ నోట్లు కనిపిస్తే ముందు తేదీ చూడండి, తర్వాత వెనక్కి తిప్పి చెల్లు చూడండి. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లే హక్కు పోతుంది. ఆ గడువులోపే బాకీదారు కొంత సొమ్ము కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే, మూడేళ్లు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతాయి. గడువు దగ్గరపడిన నోటు దొరికితే ఇల్లు సర్దడం ఆపి, ఆ రోజే లాయరు దగ్గరకు వెళ్లండి. ఇటువంటి బాకీల మీద కోర్టు డిక్రీ ఇవ్వాలంటే వారసత్వ ధ్రువపత్రం, అంటే సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చాలదు. అప్పులిచ్చినావిడ అప్పులు తీసుకుని కూడా ఉండవచ్చు. ఆ బాకీలను ఆవిడ ఆస్తిలోంచే తీర్చాలి, అంతకు మించి వారసులు తమ జేబులోంచి కట్టనక్కరలేదు.

పాత నోట్ల కట్ట కూడా బయటపడే అవకాశం ఉంది. 2016 నవంబరులో రద్దయిన 500, 1000 రూపాయల నోట్లను ఇప్పుడు ఏ బ్యాంకూ మార్చదు. పైగా, 2017లో వచ్చిన చట్టం ప్రకారం అటువంటి నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకోవడమే నేరం, జరిమానా పది వేలు గాని, నోట్ల ముఖవిలువకు అయిదు రెట్లు గాని, ఏది ఎక్కువైతే అది. కమీషన్ తీసుకుని మార్పిస్తామని వచ్చేవారందరూ మోసగాళ్లే, గుమ్మం ఎక్కనివ్వకండి. 2000 రూపాయల నోట్ల సంగతి వేరు. 2023లో వాటిని వెనక్కి తీసుకున్నా చెల్లుబాటు పోలేదు, హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికి పోస్టాఫీసు ద్వారా పంపి మీ ఖాతాలో వేయించుకోవచ్చు.

ఆవిడ సెల్‌ఫోను నంబరును రద్దు చేయించవద్దు, రీఛార్జి చేయిస్తూ ఉండండి. వివిధ కార్యాలయాల నుంచి సమాచారం, ఓటీపీలు అన్నీ దానికే వస్తాయి. అలాగని ఆ ఫోనుతోనో, ఏటీఎం కార్డుతోనో డబ్బు తీయకూడదు. చనిపోయిన తర్వాత జరిగే ప్రతి విత్‌డ్రాయల్ పాస్‌బుక్కులో తేదీతో సహా కనబడుతుంది, అవతలివైపు లాయరు మొదట వేలు పెట్టేది అక్కడే. ట్రెజరీకి కబురు చేయకపోతే పింఛను నెలనెలా పడుతూనే ఉంటుంది, ఆ సొమ్మును తిరిగి రాబడతారు కనుక ఈపాటికే తెలియజేసి ఉండకపోతే రేపే చేయండి. లాకరుకు నామినీ ఉంటే బ్యాంకువారు సాక్షుల ఎదుట జాబితా రాసి వస్తువులు అప్పగిస్తారు. లోపల సీలు వేసిన పొట్లాలుంటే వాటిని విప్పి చూడరు, అలాగే ఇస్తారు. కాబట్టి ఇంటికి తెచ్చాక ఆ పొట్లం ఒక్కరే విప్పకండి.

పంచుకునే విషయానికి వస్తే, బంగారం దగ్గర వచ్చే గొడవలకంటే కాఫీ ఫిల్టరు దగ్గర వచ్చే గొడవలు లోతుగా ఉంటాయి. బంగారానికి తూకముంది, ఆ రోజు ధర ఉంది, లెక్క కట్టి వాటాలు వేయవచ్చు. పడక కుర్చీకి, ఆవకాయ జాడీకి, చిన్నప్పుడు అందరూ ఎక్కిన ఉయ్యాల బల్లకి ధర లేదు. ఇటువంటి వస్తువులకు నంబర్లు వేసి ఫొటోలు పంపి, చీటీలు తీసి వరుస నిర్ణయించి, ఆ వరుసలో ఒక్కొక్కరూ ఒక్కొక్క వస్తువు కోరుకోవాలి. రెండో విడతలో వరుస తిరగేయాలి, చివరివాడు మొదటివాడవుతాడు. పెద్దవాళ్లు ముందు తీసుకోవాలన్న మర్యాద బాగానే ఉంటుంది గాని, తర్వాత చాటుగా సణుక్కునేది కూడా ఆ మర్యాద పాటించినవారే. ఆవిడకు ఏళ్ల తరబడి వండిపెట్టిన మనిషికో, పక్కింటావిడకో ఫలానాది ఇస్తానని అత్తయ్య నోటిమాటగా చెప్పి ఉంటే, అందరి అంగీకారంతో దాన్ని ముందే పక్కన తీసి ఇచ్చేయండి. పనిమనిషికి బాకీ ఉన్న జీతం కూడా అప్పుడే ఇవ్వాలి.

ఇత్తడి, కంచు, రాగి సామాను ఉన్న ఇల్లయితే, పాతసామాన్లు కొనేవాణ్ని పిలవకముందే వాటిని మీరే విడదీయండి. రాగికి, కంచుకు ఇత్తడికంటే ఎక్కువ ధర వస్తుంది. కొనేవాడు మూడింటినీ ఒకే గోనెలో వేసి ఇత్తడి ధర కడతాడు. చిటికెన వేలికి తగిలించి కర్రతో తడితే కంచు గిన్నె చాలాసేపు మోగుతుంది, ఇత్తడి అంతసేపు మోగదు. ఇంటి తూకంతో ముందు తూచుకోండి, ఇద్దరు ముగ్గురిని వేర్వేరుగా అడగండి. గంగాళాలు, కాగులు తుక్కు కింద కరిగించడానికి ఇచ్చేకన్నా, వాటిని అలంకారానికి కొనేవారికి అమ్మితే ఎక్కువ వస్తుంది. స్టీలుకు, సత్తు గిన్నెలకు వచ్చేది పెద్దగా ఉండదు, వాడుకునేవారికి ఇచ్చేయడమే మేలు. రోలు, తిరగలి, రుబ్బురోలు మాత్రం ఎవరూ మోసుకుపోరు. పెరట్లోనే ఉండనివ్వండి.

పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవారు కొనేది పట్టును కాదు, జరీలోని వెండిని. జరీ పోగును ఒక కొస దగ్గర గోటితో గీకితే లోపల ఎర్రటి పట్టు దారం కనబడాలి. అది కనబడితే అసలు వెండి జరీ కావచ్చు, తెల్లని నూలో నైలానో కనబడితే కాదు. అసలు జరీ చీరను వీధిలో అమ్మకుండా, తూచి లెక్క కట్టే దుకాణానికి తీసుకువెళ్లండి. మిగిలిన బట్టలను ఉతికి, మడతపెట్టి, ఎవరికి కావాలో అడిగి ఇవ్వాలి. పోయినవారి బట్టలు తీసుకోవడానికి కొందరికి పట్టింపు ఉంటుంది, కాబట్టి ఎవరివో చెప్పే ఇవ్వండి.

టేకు మంచాలు, భోషాణం, పాత కుర్చీలు కొనే వ్యాపారులు తలుపులకు, కిటికీలకు, స్తంభాలకు కూడా బేరం పెడతారు. అవి ఇంటిలో భాగం, సామాను కాదు. ఇల్లు ఎవరిదో తేలేదాకా వాటి జోలికి వెళ్లవద్దు. మీ చెల్లెలు పాత విగ్రహమో, దీపపు సెమ్మెనో అమెరికాకు తీసుకువెళ్లాలనుకుంటే, నూరేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరమని తెలియజేయండి. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకున్నాకే పెట్టెలో పెట్టుకోవాలి.

టీచరుగారి ఇల్లు కాబట్టి పుస్తకాలు ఉంటాయి. కిలోల లెక్కన అమ్మకముందు, 1950కి ముందు అచ్చయినవి, పత్రికల బైండు సంపుటాలు, ఊరి చరిత్రలు, శతకాలు విడిగా తీసి జాబితా రాయండి. వేటపాలెంలోని సారస్వత నికేతనం, రాజమండ్రిలోని గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్లకు ఆ జాబితాను ముందు పంపి, కావాలన్నవే తీసుకువెళ్లాలి. చెప్పాపెట్టకుండా లారీలో దింపిన పుస్తకాలు ఏ గ్రంథాలయానికైనా భారమే. తాటాకు ప్రతులు దొరికితే తుడవవద్దు, నూనె రాయవద్దు, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధనా సంస్థ వంటివారిని అడిగి వారు చెప్పినట్టు చేయండి. ఫొటోల వెనక ఎవరెవరో పెన్సిలుతో రాయించండి, పెన్ను వాడితే సిరా ముందువైపుకు దిగుతుంది. గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండగానే ఈ పని జరగాలి. ఉత్తరాలు, డైరీలు చదవాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఈ ఏడాది మాత్రం తగలబెట్టకండి.

దేవుడి గదిలో సాలగ్రామమో, నిత్యార్చన జరిగే లింగమో ఉంటే, పూజ సాగించగల బంధువులను ముందు అడిగి, లేకపోతే తెలిసిన ఆలయ అర్చకులకు అప్పగించండి. పటాలను రావిచెట్టు కింద పెట్టి రావడం, కాలువలో వేయడం మర్యాద కాదు. అద్దం, చెక్క విడదీసి, బొమ్మ కాగితాన్ని శుభ్రమైన చోట నేలలో పూడ్చవచ్చు. వాడిన ఇన్సులిన్ సూదులు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటరు మామూలు చెత్తలో కలపకూడదు, విడిగా కట్టి పైన రాసి పురపాలక సిబ్బందికి ఇవ్వాలి. వాకరు, చక్రాల కుర్చీ, గాలి పరుపు బాగుంటే వృద్ధాశ్రమాలు సంతోషంగా తీసుకుంటాయి.

దసరాలోపు సాధ్యమా అన్నదానికి నా జవాబు, వెతకడం వరకు సాధ్యమే. మీ చెల్లెలు ఉన్న రెండు వారాల్లో కాగితాలు, బంగారం, ఫొటోలు, జాబితా పూర్తి చేయండి. వారసత్వం తేలేదాకా అమ్మకాలు, అద్దె ఒప్పందం వాయిదా వేయండి. మామయ్యగారి వైపువారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మాత్రం అద్దెకు ఇచ్చి, వచ్చిన అద్దెను విడి ఖాతాలో వేయవచ్చు. అప్పటిదాకా వీధివైపు గది ఒకటి ఖాళీ చేసి, జాబితాలోని సామానంతా అందులోకి చేర్చి, రెండు తాళాలు వేసి, చెరో వైపు ఒక తాళంచెవి ఉంచుకోండి. కరెంటు మీటరు తీయించవద్దు, ఇంటిపన్ను మాత్రం ఎప్పటికప్పుడు కట్టి రసీదులు దాచండి.